పాముపెట్టెకు వెచ్చదనము

దాచేపల్లి చుట్టుపట్ల నాపరాయి కనబడని ఇల్లు అరుదు. ఇంటి నేలకు నాపరాయి, పశువుల కొట్టమునకు నాపరాయి, చేని గట్టున కంచెకు నాపరాయి. మార్గశిర మాసమున ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటల వేళ నాగులేటి వైపు మిరపతోటల గట్లవెంట నడచిపోవువారికి, పేర్చిన రాళ్ళపై ఒక జెర్రిపోతు మేను చాచి పడుకొనియుండుట ఎప్పుడో ఒకనాడు కంటబడును. అలికిడి కాగానే అది రెండు పలకల నడుమ సందులోనికి జారిపోవును. చూచినవారు భయపడుదురు, లేదా దండము పెట్టుదురు. అది అక్కడ ఏమి చేయుచున్నదని ఆలోచించువారు తక్కువ. అది తన ఒంటికి వేడి పట్టించుకొనుచున్నది. రాతిపైన ఎండ, రాతిక్రింద నీడ, ఇంకను లోతున చెమ్మతో కూడిన చల్లదనము. బారెడు దూరములో ఈ మూడును దానికి అమరియున్నవి. పాము కొరకు పెట్టె కట్టువారు నేర్వవలసిన విద్య చాలవరకు ఆ రాళ్ళకుప్పలోనే యున్నది.

ఈ ప్రసంగమునకు కారణము దాచేపల్లి నుండి ఒక గృహిణి మాకు వ్రాసిన ఉత్తరము. ఆమె కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు బాల్ పైథాన్ అను పడమటి ఆఫ్రికా పామును పెంచుచుండెను. ఇది కొండచిలువల కుటుంబములోనిది, విషము లేనిది, నాలుగైదు అడుగులకు మించి సాధారణముగా పెరగనిది, బెదరినప్పుడు బంతివలె చుట్టుకొనునది. అతనికి ఉద్యోగము పైదేశమునకు మారగా, పామును పెట్టెతో సహా తల్లికి అప్పగించి విమానమెక్కెను. కోడలిని అప్పగించి పోయినను ఇంత చిక్కు ఉండెడిది కాదని ఆమె వ్రాసినది. కార్తికము వెళ్ళి చలి ముదిరిన పిదప ఆ పాము తాను మ్రింగిన ఎలుకను మూడవనాడు కక్కివేసినదట. కుమారుడు ఫోనులో ఒక ఉపాయము చెప్పెను. అంగడివారు కరెంటుతో వేడెక్కు కృత్రిమ శిల నొకదానిని పంపిరి. పొరుగువారు కోడిపిల్లలకు వలె బల్బు వ్రేలాడదీయుమనిరి. ఇందులో ఏది చేయవలెనని ఆమె ప్రశ్న.

వేడిని గూర్చి చెప్పుటకు ముందు చట్టమును గూర్చి ఒక మాట. మన పొలములలో తిరుగు నాగుపామును గాని, జెర్రిపోతును గాని, మన అడవులలోని కొండచిలువను గాని పట్టి యింట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. దయతో చేసినను నేరమే. విదేశపు జాతుల సంగతి వేరు. అంతర్జాతీయ వ్యాపారపు ఒడంబడికయైన సైటీస్ పట్టికలలో చేరిన జంతువులను ఉంచుకొనువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. బాల్ పైథాన్ ఈ కోవలోనిదే. ఇందుకై 2022లో చట్టమును సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నమోదు పద్ధతిని తెలుపు నియమములు 2024లో వెలువడినవి. జంతువు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోయినప్పుడును తెలుపవలసియుండును. కనుక ఆ తల్లికి మేము వ్రాసిన మొదటి జవాబు కాగితములను గూర్చియే.

ఇక విషయమునకు వత్తము. పామును శీతరక్త జంతువందురు. ఈ మాట కొంత పొరపాటునకు దారితీయును. పాము రక్తము చల్లనిదని కాదు; ఎండలో కాగిన పాము రక్తము మన రక్తమంత వెచ్చగా ఉండవచ్చును. అసలు భేదమేమనగా, మనము తిన్న అన్నములో చాల భాగము లోపల కొలిమిని మండించుటకే పోవును. పాముకు ఆ కొలిమి లేదు. అందుచేతనే అది వారమునకో రెండు వారములకో ఒక్క ఎలుకతో కాలము గడపగలదు. కాని ఆ పొదుపునకు మూల్యము కలదు. వేడిని బయటనుండి తెచ్చుకొననిదే దాని కండరము కదలదు, దాని కడుపు పనిచేయదు. మ్రింగిన ఎలుక అరగక లోపలనే కుళ్ళనారంభించును. అప్పుడు పాము దానిని బయటకు త్రోసివేయును. దాచేపల్లి ఇంటిలో జరిగినది బహుశః ఇదియే.

మా తాతగారి యింట ఒక పాత వాల్వు రేడియో ఉండెడిది. చలికాలపు రాత్రులలో వార్తలు ముగియునప్పటికి ఆ పెట్టె వెనుక ఎప్పుడును ఒక బల్లి హత్తుకొని యుండెడిది. అది వార్తలు వినుటకు వచ్చినదని మేము పిల్లలము నవ్వుకొనెడివారము. బల్లికిని పాముకును ఈ విషయములో ఒకే న్యాయము.

ఈ న్యాయమునకు ఒక చక్కని మినహాయింపు కలదు. గ్రుడ్లు పెట్టిన కొండచిలువ వానిచుట్టు తన మేనును చుట్టివేసికొని పొదుగును. ఆ సమయమున దాని ఒడలు వెచ్చగా ఉండునని లామార్-పికో అను ఫ్రెంచి యాత్రికుడు 1832లో చెప్పగా పారిసు పండితులు నమ్మలేదు. 1841లో పారిసులోని జంతుశాలయందే ఒక కొండచిలువ పొదుగుచుండగా వాలెన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకముతో కొలిచి అది నిజమని నిరూపించెను. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు మరల పరిశీలించి, చుట్టునున్న గాలి 33 డిగ్రీలకు దిగువకు పోయినప్పుడు తల్లిపాము తన కండరములను ఎగురవేయుచు, ఒక విధముగా వణకుచు, వేడిని పుట్టించునని కనుగొనిరి. ఇది తల్లి అయిన కొండచిలువకు, అదియు గ్రుడ్లున్నంత కాలమే చెల్లును. పెట్టెలోని ఒంటరి పాముకు ఈ ఉపాయము లేదు.

కావున వేడి మనమే ఈయవలెను. ఎట్లీయవలెననునది ప్రశ్న. ఇక్కడనే చాలమంది పొరబడుదురు. పాముకు ఎన్ని డిగ్రీలు కావలెనని అడిగి, ఒక అంకె తెలిసికొని, పెట్టెనంతటిని ఆ అంకెకు తెచ్చుటకు పాటుపడుదురు. పాముకు కావలసినది ఒక అంకె కాదు, ఎంచుకొనుటకు చోటు. తిన్ననాడు అది వెచ్చని చోటు కోరును, ఆకలిగానున్ననాడు చల్లని చోటు కోరును, కుబుసము విడుచునప్పుడు చెమ్మ గల చోటు కోరును. బాల్ పైథాన్ కు పెట్టెలో ఒక కొస 31 మొదలు 33 డిగ్రీల వరకును, రెండవ కొస 25 మొదలు 27 డిగ్రీల వరకును ఉండవలెను. అమెరికానుండి వచ్చిన కార్న్ స్నేక్ వంటివానికి రెండు కొసలును మరి రెండు మూడు డిగ్రీలు తక్కువగా ఉండవచ్చును. పెట్టె మరీ చిన్నదైనచో ఈ భేదము నిలువదు. వేడి రెండు గడియలలో నలుమూలలకు ప్రాకిపోవును. ఎదిగిన బాల్ పైథాన్ కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టె ఉండవలెననుటకు గల కారణములలో ఇది యొకటి. రెండు కొసలయందును దాగుకొనుటకు ఒక్కొక్క గూడు ఉండవలెను. లేనిచో, పాము వెచ్చదనము కొరకు దాపరికమును వదలుకొనవలెనా, దాపరికము కొరకు వెచ్చదనమును వదలుకొనవలెనా అను సంకటములో పడును; పిరికి జంతువు కనుక దాపరికమునే కోరుకొని చలిలో కృశించును.

ఇక సాధనములు. పొరుగువారు చెప్పిన బల్బుతో మొదలుపెట్టుదము, ఏలయనగా పల్నాటిలో కోళ్ళు పెంచువారందరికి అది తెలిసిన విద్య. తొలివారములో కోడిపిల్లల క్రింద 35 డిగ్రీల వేడి ఉంచి, వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకొని వత్తురు. అక్కడ కొలతకర్ర కూడ అక్కరలేదు. చలివేసిన పిల్లలు బల్బు క్రింద గుంపుగూడి కీచుమనును, వేడి మిక్కుటమైన అంచులకు పారిపోవును. పాము కీచుమనదు. అది గుంపుగూడదు. దాని బాధ మనకు తెలియునప్పటికి కడుపో చర్మమో చెడియుండును. పైగా బాల్ పైథాన్ రాత్రి తిరుగు జంతువు. రేయింబవళ్ళు తలపై దీపము వెలుగుచుండిన దానికి పగలేదో రాత్రియేదో తెలియదు. ఎఱ్ఱగాజు బల్బు పెట్టిన పాముకు కనబడదని కొందరందురు. ఆ మాటను నమ్మి రాత్రి యంతయు వెలిగించుట నాకు సమ్మతము కాదు. బల్బునకు ఒక సుగుణము కలదు: సూర్యునివలె పైనుండి వేడి నిచ్చును. పగటిపూట కొన్ని గంటలు వాడుటలో తప్పులేదు. అయితే తీగ కాలి వెలుగు పాతకాలపు బల్బులు అంగళ్ళలో అరుదగుచున్నవి. వాని స్థానమున వచ్చిన ఎల్.ఇ.డి. దీపము వెలుతురిచ్చునే గాని పాముకు పనికివచ్చు వేడి నీయదు. ఈ సంగతి తెలియక ఎల్.ఇ.డి. బల్బు పెట్టి, వెలుగుచున్నది గదా యని నిశ్చింతగా ఉన్నవారున్నారు.

అంగడివారు పంపిన కృత్రిమ శిలను ఆమె వాడకుండుటయే మేలు. దాని గర్భమున వేడితీగ యుండును. ఆ తీగ ఎక్కడ పైకి దగ్గరగా నున్నదో అక్కడ శిల మిక్కిలి కాలును, తక్కిన చోట్ల చల్లగా ఉండును. చలిపెట్టెలోని పాము వేడికి మొగమువాచి దానిపై చుట్టుకొని పడుకొనును. పొట్ట మాడుచున్నను వీపునకు చలి తీరకపోవుటచే అది లేచిపోదు. పొట్టక్రింది పొలుసులు ఎఱ్ఱబడి, పిదప గోధుమవన్నెకు తిరిగి, పుండ్లు పడిన పాములను పశువైద్యులు తరచుగా చూచుచుందురు. అటువంటి పాము నొకదానిని నేనును చూచితిని. మానుటకు నెలలు పట్టినది, మచ్చ పోలేదు.

పెట్టె అడుగున పరచు వేడిచాప, అనగా హీట్ మ్యాట్, దీనికంటె చాల మెరుగైనది. పలుచని రేకువలె నుండి, పదిహేను ఇరువది వాట్ల కరెంటుతో పనిచేయును. దానిని పెట్టె లోపల కాక, వెలుపలి అడుగున, మూడవవంతు మేరకే అంటింపవలెను. గాజుపెట్టెకు ఇది సరిపోవును. చెక్కపెట్టెకు సరిపోదు: చెక్క వేడిని పైకి పోనీయదు, వేడి క్రిందనే నిలిచి చాపయు చెక్కయు మాడు ప్రమాదము కలదు. ఇంకొక చిక్కు: పైన కొబ్బరిపొట్టు మందముగా పోసినచో కొలతకర్రకు పైభాగము చల్లగా కనబడును, యజమాని వేడి చాలలేదనుకొని పెంచును, పాము పొట్టును తవ్వుకొని అడుగునకు పోయి కాలుచున్న గాజుపై పడుకొనును. గాలిని వేడిచేయుటకు చాప చాలదు. కావున చలి యెక్కువగా ఉన్న గదిలో అదొక్కటే ఆధారము కారాదు.

మిగిలినది పింగాణీ హీటరు. బల్బువలె హోల్డరులో బిగించెడిది, వెలుతురు లేకుండ పైనుండి వేడి క్రుమ్మరించెడిది. రాత్రియు పగలును వాడవచ్చును. దానికి ప్లాస్టిక్ హోల్డరు కరగిపోవును, పింగాణీ హోల్డరే కావలెను. దాని ఒళ్ళు చేయి తగిలిన బొబ్బలెక్కునంత కాలును గనుక, పాము దానిని చుట్టుకొనకుండ ఇనుపవల తొడుగు తప్పనిసరి. గాలిని కొంత ఎండబెట్టును; అందుచే వెడల్పైన నీళ్ళతొట్టి నుంచి, కుబుసము విడుచు రోజులలో గూటిలో తడి నాచుగాని తడిగుడ్డగాని పెట్టవలెను. గాలి పొడిగా నున్నచో కుబుసము ఒక్క తొడుగుగా రాక ముక్కలు ముక్కలుగా ఊడును, కంటిపై పొర మిగిలిపోవును.

దాచేపల్లికి నేను సూచించినది ఈ పింగాణీ హీటరునే, దాని క్రింద ఒక నాపరాయితో. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందము గల పలక సుమారు ఆరు కిలోల బరువుండును. అది పైనుండి వచ్చు వేడిని త్రాగి మెల్లగా విడుచును. హీటరు ఆగినను కొంతసేపు వెచ్చగా నుండును. దానిక్రింద ఒకవైపు పాము దూరునంత సందు ఉంచినచో నాగులేటి గట్టున జెర్రిపోతునకు దొరకిన భోగమే ఈ పరదేశికిని దొరకును. అయితే పలక యొక్క కాళ్ళు పెట్టె అడుగుననే గట్టిగా ఆనవలెను. పొట్టుపైనో ఇసుకపైనో నిలిపినచో పాము క్రింద తవ్వినప్పుడు రాయి దానిపై పడును.

గదినంతటిని వేడిచేయు బ్లోయరును గూర్చి ఒక్కమాట. అది రెండు కొసల భేదమును చెరిపివేయును. అంతకంటె, మిరపకాయలు నిలువచేసిన ఇంట దానిని తిప్పినచో ఏమగునో దాచేపల్లివారికి నేను చెప్పనక్కరలేదు. బొగ్గుల కుంపటి సంగతి అసలే తలపెట్టరాదు. మూసిన గదిలో దాని విషవాయువు పామునకే కాదు, మనుష్యులకును ప్రాణాంతకము.

ఏ సాధనమైనను థర్మోస్టాట్ లేకుండ పెట్టరాదు. ఇది కావలియున్న మనిషి వంటిది: నిర్ణయించిన వేడి రాగానే కరెంటు ఆపును, తగ్గగానే మరల విడుచును. డబ్బు పరిమితముగా ఉన్నచో హీటరు చౌకదైనను ఫరవాలేదు, థర్మోస్టాట్ మంచిది కొనుడు. దాని చివరనున్న తీగముక్కను వేడికొసయందు, పాము మేను తాకు ఎత్తున, కదలకుండ కట్టవలెను. పాము దానిని లాగి నీళ్ళతొట్టిలో పడవేసినచో, యంత్రము పెట్టె చల్లగా ఉన్నదని భ్రమపడి ఆగకుండ వేడి నిచ్చుచుండును. అందుచే వేరొక ఉష్ణమాపకముతో ఉదయము, సాయంకాలము సరిచూచుకొనవలెను. రేడియో గలవారికి మరొక హెచ్చరిక: ఈ యంత్రము కరెంటు తీయుచు వేయుచు ఉన్నప్పుడు మీడియం వేవులో చిటపట శబ్దము వచ్చుట కలదు. ఆ శబ్దమునకు మమ్ములను నిందింపక, రేడియోను పాముపెట్టెకు దూరముగా జరుపుకొనవలెనని మనవి.

కరెంటు పోయిన రాత్రి ఏమి చేయవలెను? ఒక లీటరు సీసాలో 45 డిగ్రీల నీళ్ళు పోసి, మూత బిగించి, మందపు గుడ్డ చుట్టి వెచ్చని కొసను పెట్టుడు. అవి 30 డిగ్రీలకు చల్లారులోపల ఇచ్చు వేడి, పదిహేడు వాట్ల చాప ఒక గంట పనిచేసి ఇచ్చు వేడికి సమానము. పెట్టెపై దుప్పటి కప్పి, గాలికి కొంత సందు వదలిన అదే నీళ్ళవేడి ఇంకను ఎక్కువసేపు నిలుచును. మరుగు నీళ్ళు పోయరాదు. ఒక్క రాత్రి చలికి ఆరోగ్యము గల పాము చావదు, కడుపులో ఆహారము లేనప్పుడు. అందుచే చలిగాలులు వీచు వారములో మేత వాయిదా వేయుట బుద్ధిమంతుల పని.

చెప్పవలసినది మరియొకటి కలదు, పల్నాటికి ఇదే ముఖ్యము. పాముల పెంపకమును గూర్చిన పుస్తకములు చాలవరకు చలిదేశములవారు వ్రాసినవి. వారికి ఏడాది పొడుగున వేడి కరవు. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీల దరిదాపులకు దిగవచ్చును గాని, ఆ చలి ఎన్నాళ్ళు? పక్కనున్న రెంటచింతల పేరు మే నెలలో తెలుగుదేశమంతటను వార్తలలో వినబడునది ఎండకే. 45 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు. బాల్ పైథాన్ 38 డిగ్రీలు మించిన వేడిలో చాలసేపు బ్రతుకలేదు. థర్మోస్టాట్ వేడిని ఆపగలదే గాని చల్లదనమును తేలేదు. కాబట్టి మార్చి వచ్చునప్పటికి హీటరు తీగ ఊడదీసి, పెట్టెను రేకుల గదినుండి, మిద్దె మీదనుండి దింపి, ఇంటిలో అన్నిటికంటె చల్లనైన నేలగదికి మార్చవలెను. తడి గోనెపట్టాను పెట్టెపై కాక కిటికీకి కట్టవలెను.

మన వాతావరణములో పాములకు హీటరు ఎంత తక్కువగా అవసరమో తెలియుటకు మదరాసు దక్షిణమున వడనెమ్మేలిలో 1978 నుండి నడచుచున్న ఇరుళరుల సహకార సంఘమును చూడవచ్చును. విషవైద్యమునకు కావలసిన మందు తయారీకై ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, కొన్ని వారములుంచుకొని, విషము తీసి, మరల అడవిలో విడుచువారు వీరు. వారు పాములనుంచునది సగము ఇసుక పోసిన మట్టికుండలలో, మూతికి నూలుగుడ్డ కట్టి. ఎండలో కాగకుండను, రాత్రి చల్లబడకుండను మట్టియు ఇసుకయు కాపాడును. హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో చలికాలమున సరీసృపముల గదులకు వేడి అమర్చుదురని ఏటేట పత్రికలలో చదువుచుందుము. అది దక్కను పీఠభూమి చలి, దాచేపల్లి చలి కంటె గట్టిది.

ఈ సంగతులన్నియు ఆ గృహిణికి ఉత్తరములో వ్రాసి, కక్కిన పాముకు రెండు వారములు మేత పెట్టక, పిదప మునుపటికంటె చిన్న ఎలుకను ఇమ్మంటిమి. పుష్యమాసములో జవాబు వచ్చినది. రాతివద్ద 32, నీళ్ళతొట్టి వద్ద 26. తొలి పదినాళ్ళు పాము రాతిక్రిందనుండి బయటకు రాలేదట. పిదప చిన్న ఎలుకను తిన్నది, నిలుపుకొన్నది. పెట్టె ఫోటో కుమారునికి పంపగా, ఆ రాయి బాగున్నదే, ఏ అంగడిలో కొన్నావని అడిగెనట. అది మన పెరటిలో నీళ్ళకాగు క్రిందనుండి తీసినదే నాయనా అని చెప్పితినని ఆమె వ్రాసినది.